మడతలో పడిన ముఖం

(విద్యార్థి పత్రికల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగానే, అక్కడక్కడ కొద్దిగా సరిచేసి.)

అందరికీ నమస్కారం. మీ కుర్చీల మీద నాలుగేసి తెల్లకాగితాలు పెట్టించాను. వాటి మీద ఇప్పుడే ఏమీ రాయకండి. రాకెట్లు కూడా చెయ్యకండి, వెనక వరసలో ఒకటి అప్పుడే తయారైనట్టుంది. చివర్లో వాటితో పనుంది.

"స్టూడెంట్ మ్యూజిక్ మ్యాగజైన్ డిజైన్ చేస్తూ ఏమేం నేర్చుకున్నారో చెప్పండి" అని పిలిచారు నన్ను. రాత్రి కూర్చుని జాబితా రాశాను. ఇన్‌డిజైన్, ఫొటోషాప్, ఫొటోలు తియ్యడం, ఇంటర్వ్యూ చెయ్యడం, ప్రూఫులు దిద్దడం. తీరా చూస్తే ఉద్యోగానికి పెట్టుకునే బయోడేటాలా ఉంది. చింపేశాను. ఉన్నమాట చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ నేర్చుకోడానికి నాకు రెండు వారాలు పట్టింది. నేను వేసిన పేజీని ఇంకెవరో వేసినట్టు చూడటం నేర్చుకోడానికి మూడు సంచికలు పట్టింది. ఆ రెండోదాని గురించే మాట్లాడతాను.

మొదటి సంచికకి మేం నలుగురం. ఒకమ్మాయి ఎడిటర్, ఇద్దరు రాసేవాళ్లు, నేను డిజైన్. నాకు డిజైన్ వచ్చని కాదు, నలుగురిలో నా ల్యాప్‌టాప్ ఒక్కటే హ్యాంగ్ అవ్వకుండా పనిచేసేది. ఏ4 సైజు, 16 పేజీలు, మధ్యలో పిన్ను.

పత్రిక పేరుని గిటార్ తీగల్లా గీశాను. అక్షరాలన్నీ తీగల మీద వేలాడుతుంటాయి, గుడులూ కొమ్ములూ తీగ మెలికల్లా తిరుగుతాయి. మూడు రాత్రుల పని. అచ్చయి వచ్చాక క్లాసులో ఒకమ్మాయి అట్టని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ భాష?" అంది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే నాకు మాత్రం అది శుభ్రంగా కనిపిస్తోంది. పత్రిక పేరేమిటో నాకు ముందే తెలుసు కదా, ఎన్నిసార్లు చూసినా చదవడానికి వచ్చేస్తుంది.

బ్రిటన్‌లో కెర్రాంగ్! అని ఒక రాక్ సంగీత పత్రిక ఉంది, 1981లో మొదలైంది. ఆ పేరుకి అర్థమంటూ ఏమీ లేదు. ఎలక్ట్రిక్ గిటార్‌ని గట్టిగా మీటితే వచ్చే చప్పుడు అది. అట్ట మీద ఆ అక్షరాలు పగిలిన అద్దంలా ఉంటాయి. లోపల ఎలాంటి సంగీతం ఉందో పేరు చదవకముందే తెలిసిపోతుంది. కానీ ఒకటి చూడండి. లావుపాటి అక్షరాలు, వాటి మీద పగుళ్లు. అక్షరం ఆకారం మాత్రం చెడదు. నేను సన్నటి అక్షరాలు తీసుకుని ఆకారాన్నే చెడగొట్టాను. ఈ తేడా నాకు రెండో సంచికకి గానీ బుర్రకెక్కలేదు.

అట్ట మీద ఏడు ఫాంట్లు కూడా వాడాను. ఎందుకంటే ఉన్నాయి కాబట్టి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

అసలు దెబ్బ లోపల తగిలింది. 4, 5 పేజీలు కలిపి ఒక గాయనితో ఇంటర్వ్యూ వేశాం. ఆమె ముఖం రెండు పేజీల మధ్యకి వచ్చేలా పెద్దగా పరిచాను. తెర మీద అద్భుతంగా ఉంది. తెర మీద మడత ఉండదు కదా, రెండు పేజీల మధ్య ఒక సన్నగీత ఉంటుంది, అంతే. అచ్చయిన కాపీ తీసుకెళ్లి ఆమెకి ఇచ్చాం. ఆమె పేజీ తెరిచింది. కాసేపు చూసింది. పిన్ను దగ్గర బొటనవేళ్లతో గట్టిగా నొక్కి, ఇంకా విప్పదీసి చూసింది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది: "నా ముక్కు లోపల ఉందా?"

ముక్కు నిజంగానే లోపల ఉంది, మడతలో. దానికి తోడు ఒక కన్ను రెండోదానికంటే కాస్త పైకి ఉంది, ఒక చెంప రెండోదానికంటే కాస్త ఎర్రగా ఉంది. ఎందుకలా అయిందో నాకు చెప్పింది ప్రెస్సాయనే. తిట్టలేదు. "కాగితం మడిచి చూశావా బాబూ, ముందు?" అన్నాడు. చెత్తలోంచి నాలుగు కాగితాలు తీసి, ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యకి మడిచి, చెవి మీదున్న పెన్సిల్ తీసి పేజీ నంబర్లు వేశాడు. ఒకటి, రెండు, మూడు, అలా పదహారు దాకా. తర్వాత మడత విప్పి కాగితాలు విడివిడిగా బల్ల మీద పరిచాడు.

అప్పుడు కనిపించింది. నేను పక్కపక్కన ఉన్నాయనుకున్న 4, 5 పేజీలు వేర్వేరు కాగితాల మీద ఉన్నాయి. నాలుగో పేజీకి పక్కన ఉన్నది 13. అయిదో పేజీ పక్కన 12. అవి రెండూ విడిగా అచ్చయి, విడిగా మడతపడి, పిన్ను దగ్గర కలుస్తాయి. ఒక మిల్లీమీటరు అటో ఇటో జరగడం మామూలే, కన్ను పైకి వెళ్లింది అందుకే. రెండు కాగితాల మీద సిరా కూడా అచ్చంగా ఒకేలా పడదు, చెంప ఎర్రబడింది అందుకే. పదహారు పేజీల పుస్తకంలో ఎదురెదురుగా ఉండి, ఒకే కాగితం మీద కూడా ఉండేవి ఒక్క 8, 9 పేజీలే. పెద్ద బొమ్మ పరుచుకోవాలంటే అక్కడ పరుచుకోవాలి. అక్కడైనా పిన్నులు సరిగ్గా మధ్యలో దిగుతాయి కాబట్టి కంటినో నోటినో అక్కడ పెట్టకూడదు.

ఆయన చేసిన ఆ మడత పుస్తకాన్ని డమ్మీ అంటారు. అయిదు నిమిషాల పని. నేను ఆ పేజీ మీద పది రోజులు కూర్చున్నాను, ఈ అయిదు నిమిషాలు కూర్చోలేదు.

మిగతా తప్పులు గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి ఒకసారి చేస్తే జన్మలో మర్చిపోరు. బొమ్మ కాగితం అంచు దాకా వెళ్లాలంటే అంచు దాటి ఇంకో 3 మిల్లీమీటర్లు బయటికి పెట్టాలి, దాన్ని బ్లీడ్ అంటారు. లేకపోతే కటింగ్‌లో పక్కన తెల్లగీత మిగులుతుంది. మాకు మిగిలింది. పేజీ నంబర్లు అంచుకి మరీ దగ్గరగా పెడితే వాటిలో సగం కటింగ్‌లో పోతాయి. పోయాయి. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, ఎరుపూ ఆకుపచ్చా నీలమూ కలిపి. ప్రెస్సు సిరాతో చూపిస్తుంది, సయాన్, మెజెంటా, పసుపు, నలుపు కలిపి. వెలుతురులో మెరిసే కొన్ని రంగులు ఈ నాలుగు సిరాల్లో పుట్టనే పుట్టవు. స్టేజీ మీద మెరిసిపోయిన కరెంటు నీలం రంగు మా పేజీలో వందసార్లు ఉతికిన చొక్కాలా వచ్చింది. ఇక రిజల్యూషన్. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. ఏ4 పేజీ నిండా బొమ్మ వెయ్యాలంటే దాదాపు 2480 వెడల్పు, 3508 ఎత్తు. ఫోన్‌లో ఎవరో పంపిన ఫొటో 800 పిక్సెళ్లుంటే అది రెండున్నర అంగుళాలకి కాస్త పైన ఆగిపోతుంది. దాన్ని పేజీ అంతా లాగితే గాయకుడి ముఖం గళ్ల చొక్కా తొడుక్కుంటుంది.

ఈ తప్పులన్నీ తెర దగ్గరే పుట్టాయి. వెనక దీపం వెలుగుతూ, ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకునే వీలుండి, మడతలేని పేజీని నేను చూస్తున్నాను. పాఠకుడి చేతిలో ఉన్న వస్తువు అది కాదు.

రెండో సంచికకి మా ఎడిటర్ ఒక పని చేసింది. ఆమెకి నా మీద నమ్మకం పోయింది, అది న్యాయమే. అచ్చుకి ముందు పేజీలన్నీ మామూలు ప్రింటర్ మీద తీయించి, పిన్ను కొట్టి, జూనియర్ ఒకడి చేతికిచ్చింది. నన్ను వాడి వెనక కుర్చీలో కూర్చోబెట్టి, "నోరు తెరవద్దు, చూడు" అంది.

వాడు పత్రికని వెనక నుంచి తెరిచాడు. వెనక నుంచి! నేను విషయసూచిక మీద రెండు రోజులు పెట్టాను. వాడు దాని దాకా రానే లేదు. ఎడమచేత్తో పట్టుకుని కుడి బొటనవేలితో పేజీలు జారవిడుస్తూ వచ్చాడు. ఒకచోట ఆగాడు. హమ్మయ్య, నా హెడ్డింగ్ చూశాడనుకున్నాను. కాదు, బొమ్మ చూశాడు. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్న వ్యాఖ్య చదివాడు. పైకి హెడ్డింగ్ వైపు చూశాడు. వ్యాసం మొదటి లైను మీద కళ్లు పెట్టి, తీసేసి, పేజీ తిప్పేశాడు. మొత్తం నలభై సెకన్లు పట్టిందేమో.

ఆ బొమ్మ కింద మేం ఏం రాశామో తెలుసా? "కచేరీలో గాయకుడు." అంతే. చదివినవాడికి కొత్తగా తెలిసిందేమీ లేదు. గాయకుడని బొమ్మలోనే తెలుస్తోంది, కచేరీ అని మైకు చెబుతోంది. ఇంత రాతలో వాడు నిజంగా చదివింది ఆ రెండు మాటలే, అందులో మేం పెట్టింది సున్నా. ఆ రోజు నుంచి బొమ్మ కింద వ్యాఖ్యలు చివర్లో హడావిడిగా కాకుండా ముందే రాయడం మొదలుపెట్టాం. ఏ పాట పాడుతున్నాడు, ఆ క్షణంలో ఏం జరిగింది, ఆ వాద్యం ఎవరిచ్చింది. ఒక డ్రమ్మర్ బొమ్మ కింద, ఎడమచేతి వేళ్లకి ప్లాస్టర్ ఎందుకుందో రాశాం. ఆ సంచికలో ఎక్కువమంది మమ్మల్ని అడిగింది ఆ ప్లాస్టర్ గురించే.

ఫొటోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద కచేరీల్లో ఫొటోగ్రాఫర్లని మొదటి మూడు పాటలకే ముందుకి రానిస్తారు, ఫ్లాష్ వాడనివ్వరు. మా కచేరీలకి అంత సీను లేదు, అయినా ఆ మూడు పాటల పద్ధతి నేనే పెట్టుకున్నాను. లేకపోతే కార్యక్రమం అంతా తీస్తూనే ఉంటాను, ఒక్క పాటా వినను. చీకట్లో ఐఎస్ఓని, అంటే కెమెరా వెలుతురుని పట్టుకునే శక్తిని, 3200కి పెంచి, షట్టర్ సెకనులో 200వ వంతు మాత్రమే తెరుచుకునేలా పెట్టుకుంటే చెయ్యి కదిలినా బొమ్మ నిలుస్తుంది. ఎర్ర లైటు పడితే మాత్రం ముఖం మొత్తం ఎర్ర ముద్దలా వస్తుంది, కన్నూ ముక్కూ కలిసిపోతాయి. దాన్ని నలుపు తెలుపులోకి మార్చడం తప్ప దారి లేదు. ఎదురుగా నిలబడితే మైకు నోటిని మింగేస్తుంది, కాస్త పక్కకి జరగాలి.

ఇవన్నీ నేర్చుకుని రెండు వందల ఫొటోలు తీశాను. రెండో సంచిక అట్ట మీదికి వెళ్లింది వాటిలోది కాదు. కచేరీకి గంట ముందు, హాల్లో ట్యూబులైట్ల కింద, గిటార్ అమ్మాయి తల వంచి, చెవి దాదాపు చెక్కకి ఆనించి శ్రుతి చేసుకుంటోంది. ఎవరూ చూడటం లేదనుకుంటోంది. ఊరికే ఒకటి తీశాను. లైటింగ్ లేదు, పొగ లేదు. అట్ట మీద ఏ బొమ్మ వెయ్యాలని గోడకి అన్నీ అంటించి, ఆరడుగుల దూరం నుంచి నలుగురం చూస్తే, నలుగురి కళ్లూ దాని మీదే ఆగాయి. నాకు నచ్చింది అది కాదని ఒప్పుకోవాలి. నాకు నచ్చింది నేను ఎక్కువ కష్టపడి తీసింది.

ఇక అక్షరాలు. ఇంటర్వ్యూ రికార్డింగ్ గంట ఉంటే కాగితం మీద పెట్టడానికి నాకు అయిదు గంటలు పట్టేది. 2400 మాటలు వచ్చింది ఒకసారి. పేజీలో 700 పడతాయి. "అక్షరం సైజు తగ్గించు" అంది ఎడిటర్. "మాటలు తగ్గించు" అన్నాను నేను. అన్ని పత్రికల్లోనూ జరిగే గొడవే ఇది, మాకు మూడు సంచికలూ జరిగింది. మొదటిసారి నేను ఓడిపోయాను, 10 పాయింట్లది 8కి దించాం. కళ్లజోడు ఉన్నవాళ్లెవరూ చదవలేదు.

తెలుగులో ఈ ఇరుకు ఇంకా కష్టం. ఇంగ్లీషు కోసం తయారైన సాఫ్ట్‌వేర్ లైనుకీ లైనుకీ మధ్య తనంతట తాను అక్షరం సైజులో 120 శాతం దూరం పెడుతుంది. మనకి అది చాలదు. పై లైనులో "రాష్ట్రం" అని ఉంటే దాని కింది వత్తులు, కింది లైనులో ఉన్న గుడిని గుద్దుకుంటాయి. 10 పాయింట్ల అక్షరానికి 14, 15 ఇస్తే గానీ లైన్లు ఊపిరి పీల్చుకోలేదు. బోల్డ్ చేస్తే ష, ఘ లాంటి అక్షరాల్లో సందులు సిరాతో పూడిపోతాయి. పైగా మన మాటలు పొడవు. సన్నటి కాలమ్‌లో రెండు అంచులూ సమానంగా జరిపితే లైనుకి రెండే మాటలు పడి మధ్యలో కాలవలు తవ్వినట్టుంటుంది. అందుకని ఎడమ అంచు మాత్రమే సరిచేసి కుడి అంచుని వదిలేశాం. మా లెక్చరర్ ఒకాయన "అలైన్‌మెంట్ తప్పింది" అని ఎర్ర ఇంకుతో చుట్టారు. ఆయన మాత్రం మొత్తం చదివారు!

రెండో సంచికకి డేవిడ్ కార్సన్ పిచ్చి పట్టింది నాకు. 1990లలో అమెరికాలో రే గన్ అనే సంగీత పత్రికకి ఆర్ట్ డైరెక్టర్ ఆయన. 1994లో బ్రయన్ ఫెర్రీ అనే గాయకుడి ఇంటర్వ్యూ వచ్చింది. కార్సన్‌కి అది చప్పగా అనిపించింది. మొత్తం వ్యాసాన్ని జాఫ్ డింగ్‌బ్యాట్స్‌లో పెట్టేశాడు. అంటే అక్షరాల ఫాంట్ కాదు, చుక్కలూ నక్షత్రాలూ బాణాలూ ఉండే గుర్తుల ఫాంట్. ఒక్క ముక్క చదవలేరు. ఇది విన్నాక నేనూ ఒక సమీక్షని పేజీలో తలకిందులుగా వేశాను, విప్లవం వచ్చేస్తుందనుకుని. జనం ప్రెస్సు తప్పనుకున్నారు. నాకు చాలా రోజుల తర్వాత తెలిసిందేమిటంటే, కార్సన్ కథ చెప్పేవాళ్లు సగమే చెబుతారు. ఆ ఇంటర్వ్యూ పూర్తి పాఠం, మామూలు అక్షరాల్లో, అదే సంచికలో వెనక ఉంది. చదవాలనుకున్నవాడికి దారి మూసెయ్యలేదు. నేను మూసేశాను.

డబ్బు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు అనేవాళ్ల కోసం ఇంకో మాట. 1976లో లండన్‌లో పంక్ అనే మొరటు రాక్ సంగీతం గురించి మార్క్ పెర్రీ అనే కుర్రాడు స్నిఫిన్ గ్లూ అని ఒక పత్రిక మొదలుపెట్టాడు. టైప్‌రైటర్, లావుపాటి స్కెచ్ పెన్ను, ఫొటోకాపీ మెషీన్. కొట్టివేతలు కొట్టివేతల్లాగే వదిలేశాడు. ఆ సంగీతానికి ఆ రాత అతికింది. వీణ కచేరీ మీద వ్యాసానికి అదే పద్ధతి వాడితే అతకదు, చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. సంగీత పత్రికలో డిజైనర్‌కి పాట వినడం కూడా డ్యూటీయే అంటాను నేను. మూడో సంచికకి లేఔట్ మొదలుపెట్టే ముందు ఎవరి గురించి పేజీయో వాళ్ల పాటలు పెట్టుకుని వినేవాణ్ని. ఖాళీ జాగాని పాటలో మౌనంతో పోల్చడం అందరూ చేస్తారు, నేను చెయ్యను. ఒకటి మాత్రం చెప్పగలను, పాట విన్నాక పేజీలోంచి తీసెయ్యాల్సినవి తొందరగా కనిపించేవి.

మూడో సంచికలో నేను గర్వంగా చెప్పుకునే పేజీ ఒకటుంది, ఐడియా మాత్రం నాది కాదు, రాబర్ట్ షూమన్‌ది. ఆయన స్వరకర్త అని మీకు తెలుసు. 1834లో, 23 ఏళ్ల వయసులో, స్నేహితులతో కలిసి జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక సంగీత పత్రిక పెట్టాడు. సమీక్షల్లో ఇద్దరు ఊహాపాత్రల్ని మాట్లాడించేవాడు. ఫ్లోరెస్టాన్‌ది దుడుకు, యూసేబియస్‌ది కలలు కనే స్వభావం. ఇద్దరూ షూమనే. ఇది చదివి మా ఎడిటర్ ఒకే ఆల్బమ్‌ని ఇద్దరికిచ్చింది. ఒకడికి నచ్చింది, ఒకడికి నచ్చలేదు. ఎదురెదురు పేజీల్లో వేశాం. ఏది కుడివైపు వెయ్యాలన్నదే సమస్య, ఎందుకంటే పేజీ తిప్పగానే కన్ను ముందు కుడివైపుకే పోతుందని మా జూనియర్‌ని చూసి తెలుసుకున్నాం. నచ్చినవాడిది కుడివైపు పెడితే మేం వాడి పక్షమైపోతాం. చివరికి రెండింటికీ ఒకే సైజు హెడ్డింగ్, ఒకే ఫాంట్ ఇచ్చి, నచ్చనివాడిది కుడివైపు వేసి, ఆల్బమ్ బొమ్మ ఎడమవైపు వేశాం. త్రాసులో రాళ్లు సర్దినట్టు సాయంత్రం అంతా అదే పని.

ఆ సంచికలో తప్పుల్లేవా అంటే, ఉంది. అట్ట మీద, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, ఒక బ్యాండ్ పేరులో ఒత్తు పోయింది. లోపల 9 పాయింట్లలో ఉన్న వ్యాసాన్ని నలుగురం నాలుగుసార్లు దిద్దాం. అట్ట మీద పేరు ఎవరూ చదవలేదు. అంత పెద్ద అక్షరాల్లో తప్పెలా ఉంటుందని. ఇప్పటికీ నేను ప్రూఫు చూసేటప్పుడు పెద్ద అక్షరాలు వేలు పెట్టి, ఒక్కొక్కటే, చిన్నపిల్లాడిలా పైకి చదువుతాను. ఆఫీసులో నవ్వుతారు.

సరే, కాగితాలు తియ్యండి. నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకి మడవండి. గట్టిగా, గోటితో నొక్కి. అట్ట మీద 1 వెయ్యండి, పేజీ తిప్పుతూ 16 దాకా వేసుకుంటూ వెళ్లండి. అయిందా? ఇప్పుడు మడత విప్పి, ఏ కాగితమైనా తీసి, పక్కపక్కనున్న రెండు నంబర్లు కూడండి. 17 రావాలి. ఎవరికైనా వేరే అంకె వస్తే పేజీ ఎక్కడో దాటేశారు, మళ్లీ మడిచి చూసుకోండి. మూడో వరసలో ఆ చివర, 19 వచ్చిందా? చూపించండి. చూశారా, 7 తర్వాత 9 వేశారు. పర్లేదు, రబ్బరు నా దగ్గరుంది. మిగతావాళ్లు 8, 9 పేజీలు తెరిచి, అక్కడ ఎవరి ముఖం వేస్తారో పెన్సిల్‌తో గీయండి. ముక్కు ఎక్కడ పెడతారో నేను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను.